సెన్సర్లు కొనే ముందు ఒక్క పేజీ రాయండి: వంతెనల అధికారులకు బహిరంగ లేఖ

వంతెనల నిర్వహణ చూసే చీఫ్ ఇంజనీర్లకు, ఆ ఫైళ్ల మీద సంతకాలు పెట్టే అధికారులకు,

నమస్కారం.

నేను వంతెనల కంపనాలు కొలిచే ఇంజనీరును. గర్డర్ల, అంటే రోడ్డును మోసే దూలాల కింద, బోలుగా ఉండే బాక్సు గర్డర్ల లోపల, పిల్లర్ల నెత్తి మీద కదలికను పట్టే యాక్సిలరోమీటర్లు బిగించి, వైర్లు లాగి, గంటల తరబడి ల్యాప్‌టాప్ ముందు కూర్చోవడం నా పని. మీరు పిలిచే టెండర్లు కూడా చదువుతుంటాను. వాటిలో సెన్సర్ల గురించి పేజీలకు పేజీలు ఉంటాయి. ఎన్ని ఛానెళ్లు కావాలి, సున్నితత్వం ఎంత ఉండాలి, నీళ్లు చొరని డబ్బా ఏ గ్రేడుది కావాలి, స్క్రీన్ మీద గ్రాఫులు ఎలా కదలాలి, అన్నీ రాస్తారు. చివర్లో ఎక్కడో ఒక్క వాక్యం తగులుతుంది: ప్రమాద సూచన కనబడితే వ్యవస్థ హెచ్చరిక పంపవలెను. ఎవరికి పంపాలి? అందుకున్న మనిషి ఏం చేయాలి? ఎంతసేపట్లో చేయాలి? ట్రాఫిక్ ఆపే అధికారం ఆయనకు ఉందా? వీటి గురించి ఒక్క మాటా ఉండదు.

ఈ ఉత్తరం ఆ ఒక్క వాక్యం గురించి. కాకపోతే అక్కడికి వెళ్లే ముందు, ఈ కొలతలు ఏం చెప్పగలవో, ఏం చెప్పలేవో దాచకుండా చెప్పాలి. అమ్మేవాళ్లు మీకు సగమే చెబుతున్నారని నా అనుమానం.

కంపనం అనగానే చాలామందికి 1940 నవంబరు 7న గాలికి మెలికలు తిరిగి కూలిన, అమెరికాలోని టకోమా నారోస్ వంతెన గుర్తొస్తుంది. లేదంటే కవాతు చేస్తూ వంతెన ఎక్కిన సైనికుల కథ. అవి జరిగినవే, కానీ వంతెనను ఊపి పడగొట్టే కంపనం వేరు. నేను కొలిచేది ప్రతి వంతెనా రాత్రింబగళ్లు చేసే సన్నటి కదలిక. లారీ వెళ్లినా, గాలి వీచినా, దూరంగా నేల అదిరినా వంతెన కాస్త కదులుతుంది. ట్రాఫిక్ లేని అర్ధరాత్రి కొన్ని వంతెనల మీద ఆ కదలిక గురుత్వ త్వరణంలో లక్షో వంతుకు పడిపోతుంది. మంచి సెన్సర్‌కు అదీ అందుతుంది.

ఆ కదలికకు ఒక లయ ఉంటుంది. ప్రతి కట్టడానికీ తనకంటూ కొన్ని ఊగే వేగాలు ఉంటాయి. పుస్తకాల్లో సహజ పౌనఃపున్యాలు అంటారు, సైట్‌లో అందరం ఫ్రీక్వెన్సీ అనే అంటాం. 30 మీటర్ల స్పాన్ (రెండు ఆధారాల మధ్య దూరం) ఉన్న కాంక్రీటు వంతెన సెకనుకు 4 సార్లు ఊగవచ్చు. కిలోమీటరు దాటిన సస్పెన్షన్ వంతెనకు ఒక్క ఊగుకే 10 సెకన్లు పట్టవచ్చు. ఈ వేగాన్ని నిర్ణయించేవి రెండు: వంగకుండా నిలబడే గట్టిదనం, మోస్తున్న బరువు. గట్టిదనం తగ్గితే ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది, బరువు పెరిగినా తగ్గుతుంది. మధ్యలో వర్గమూలం ఉంది కాబట్టి గట్టిదనం 10 శాతం పోతే ఫ్రీక్వెన్సీ 5 శాతమే దిగుతుంది.

రైల్వేలో చక్రాలను సుత్తితో కొట్టి, మోత విని పగులు పట్టేవాళ్లు ఉండేవాళ్లు. మాదీ అదే పని. సుత్తి మాత్రం మా చేతిలో ఉండదు. లారీలూ గాలీ కొడుతుంటాయి, మేం వింటాం. వినడానికి ఓపిక కావాలి: వంతెన ఒక ఊగుకు తీసుకునే సమయానికి కనీసం వెయ్యి రెట్లు, వీలైతే రెండు వేల రెట్లు రికార్డు చేయాలని మాలో ఒక లెక్క ఉంది. సెకనుకు ఒకసారి ఊగే వంతెనకు అరగంట చాలు.

సెన్సర్లు అమ్మేవాళ్లు ఇక్కడ ఆగిపోతారు. ఫ్రీక్వెన్సీ తగ్గితే దెబ్బ తగిలినట్టు, తగ్గకపోతే క్షేమంగా ఉన్నట్టు అని చెప్పి బిల్లు ఇస్తారు. ఆ మాట నమ్మి డబ్బు పెట్టకండి.

స్విట్జర్లాండ్‌లో బెర్న్, జ్యూరిక్ నగరాలను కలిపే హైవే మీదుగా జెడ్24 అనే చిన్న వంతెన ఉండేది. 1960లలో కట్టిన ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటు వంతెన, అంటే లోపల బిగించి లాగిన ఉక్కు తీగలు కాంక్రీటును నొక్కి పట్టి ఉంచే రకం. నడిమి స్పాన్ 30 మీటర్లు, అటూ ఇటూ 14 మీటర్ల చొప్పున. పక్కన కొత్త రైలు మార్గం వస్తుండటంతో దాన్ని కూల్చాల్సి వచ్చింది. కూల్చేలోగా పరిశోధకులు 1997 నవంబరు నుంచి 1998 సెప్టెంబరు దాకా దాని కంపనాలను వదలకుండా రికార్డు చేశారు. చివరి రోజుల్లో కావాలనే గాయపరిచారు. ఒక పిల్లర్‌ను కొద్దికొద్దిగా కిందికి దించారు, కాంక్రీటు చెక్కేశారు, ప్రీస్ట్రెస్ తీగలు తెంపారు. మా రంగంలోకి కొత్తగా వచ్చిన ఎవరైనా ముందు నేర్చుకునేది ఆ వంతెన డేటా నుంచే.

ఏ దెబ్బా తగలని ఆ పది నెలల్లో దాని మొదటి నాలుగు ఫ్రీక్వెన్సీలు 14 నుంచి 18 శాతం దాకా మారాయి. కారణం వాతావరణం. ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల కిందికి దిగిన రోజుల్లో పైనున్న తారు రాయిలా బిగుసుకుని, తానూ ఒక పొరై వంతెనకు బలం ఇచ్చింది. ఫ్రీక్వెన్సీలు చటుక్కున పైకి లేచాయి. మరి పిల్లర్‌ను 95 మిల్లీమీటర్లు కుంగదీసి గర్డరుకు పగుళ్లు తెప్పించినప్పుడు మొదటి ఫ్రీక్వెన్సీ ఎంత దిగింది? 10 శాతం లోపే. అంటే చలికాలం తెచ్చిన మార్పు ముందు, పిల్లర్ కుంగినప్పటి మార్పు చిన్నదైపోయింది. అమెరికాలోని అలమోసా కాన్యన్ వంతెన మీద చూస్తే ఒక్క రోజులోనే, పొద్దున్నుంచి మర్నాడు పొద్దుటి దాకా, 5 శాతం తేడా వచ్చింది. ఎండ పొడ ఒక పక్క పడి, ఇంకో పక్క పడకపోతే చాలు.

నాకు జరిగింది ఒకటి చెబుతాను. ఆ ఆఫీసు పేరు ఇక్కడ అనవసరం. ఏడాది పొడవునా కొలవడానికి బడ్జెట్ లేదు, చలిరోజుల్లో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి వచ్చి కొలిచి పొమ్మన్నారు. సరేనన్నాను. అనకుండా ఉండాల్సింది. రెండో కొలత మొదటి దానికన్నా 8 శాతం తక్కువ వచ్చింది. రిపోర్టు చేరిన రాత్రి ఆ ఆఫీసులో ఒకటే టెన్షన్. ట్రాఫిక్ ఆపాలా వద్దా అని ఫోను మీద ఫోను. నా దగ్గర జవాబు లేదు. ఆ 8 శాతంలో ఎండ వాటా ఎంత, నిజంగా ఎక్కడైనా వదులైందా అని తేల్చడానికి మూడో కొలతే లేదు. నాలుగు రోజుల తర్వాత ఎవరో మాటల మధ్యలో అన్నారు, ఈ రెండు కొలతల నడుమ పైన కొత్త తారు పొర వేశామని. 50 మిల్లీమీటర్ల తారు అంటే చదరపు మీటరుకు సుమారు 120 కిలోలు. డెక్కు (రోడ్డు ఉండే పైపలక) బరువు చదరపు మీటరుకు 1200 కిలోలనుకుంటే 10 శాతం బరువు పెరిగినట్టు. ఎక్కడా చిన్న గీత పడకుండానే ఫ్రీక్వెన్సీ దాదాపు 5 శాతం దిగుతుంది. మిగతాది ఎండ. మనుషులు ఎక్కి చూశారు, కొత్త పగుళ్లేమీ కనబడలేదు.

కథ సుఖాంతమే అనుకోవచ్చు. కానీ ఆ ఆఫీసు వాళ్లు అప్పటి నుంచి, ఈ వైబ్రేషన్ లెక్కలు నమ్మదగ్గవి కావు అని తీర్మానించుకున్నారు. రేపు నిజంగా ఏదైనా విరిగి, ఆ అంకె మళ్లీ దిగితే, ఈసారి ఫోన్లు మోగవు. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది అదే.

కాబట్టి ఏడాది పొడవునా కొలవకుండా మొదలుపెట్టకండి. అన్ని రుతువులూ ఒకసారైనా వంతెన మీదుగా వెళ్లాలి. యాక్సిలరోమీటర్ల పక్కనే ఉష్ణోగ్రత సెన్సర్లు ఉండాలి, గాలిలో వేలాడేసి వదిలేయకుండా కాంక్రీటు లోపల, తారు పొరలో పెట్టాలి. పైన వేసిన ప్రతి పొర, మార్చిన ప్రతి రెయిలింగు, మరమ్మతు చేసిన ప్రతి జాయింటు తేదీతో సహా ఒక పుస్తకంలోకి ఎక్కాలి. ఈ చివరిదానికి ఖర్చేమీ లేదు. అయినా ఎక్కడా ఉండదు. పోర్చుగల్‌లోని పోర్టో నగరంలో 280 మీటర్ల ఆర్చి ఉన్న ఇన్‌ఫాంటే డోం హెన్రిక్ వంతెనను 2007 నుంచి 12 యాక్సిలరోమీటర్లతో గమనించారు. పన్నెండే! ఆ డేటా నుంచి ఎండ, ట్రాఫిక్ వాటాలను లెక్కగట్టి తీసేశాక మిగిలిన గీత దాదాపు తిన్నగా సాగింది. తిన్నటి గీత మీదే చిన్న ఒంపు కనబడుతుంది. సెన్సర్లు వందలు ఉండాల్సిన పని లేదు, ఏళ్ల తరబడి తెగకుండా ఉండాలి.

ఇంత జాగ్రత్తగా చేసినా మాకు కనబడనివి ఉన్నాయి. అమెరికాలో అల్బుకర్కీ దగ్గర రియో గ్రాండే నది మీదున్న ఐ-40 హైవే వంతెనను 1993లో కూల్చే ముందు, లాస్ అలమోస్ పరిశోధనశాల శాస్త్రవేత్తలు దాని ఉక్కు గర్డరును నాలుగు విడతలుగా కోసి ప్రతిసారీ కంపనాలు కొలిచారు. మూడు మీటర్ల లోతున్న గర్డరు అది. మొదటి రెండు కోతలకు ఫ్రీక్వెన్సీ తగ్గకపోగా కాస్త పెరిగినట్టు కనబడింది. మూడో కోతకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. కింది ఫ్లాంజ్, అంటే గర్డరు అడుగు పట్టీ, పూర్తిగా తెగిపోయాక గానీ మొదటి ఫ్రీక్వెన్సీ 2.48 హెర్ట్జ్ (సెకనుకు అన్ని ఊగులు) నుంచి 2.30కి దిగలేదు. అంటే 7 శాతం. అంత దెబ్బకి అంతే. పగులు ఒక్కచోట ఉంటుంది, ఫ్రీక్వెన్సీ వంతెన మొత్తం కలిసి పాడే స్వరం. ఒక్క గొంతు పోతే బృందగానంలో ఎవరు పట్టుకుంటారు? మోడ్ షేపులు, అంటే వంతెన ఏ ఆకారంలో వంగుతూ ఊగుతోందో చూస్తే ఇంకాస్త తెలుస్తుంది. కానీ దానికి సెన్సర్లు ఎక్కువ కావాలి, ఓపికా ఎక్కువ కావాలి. డ్యాంపింగ్, అంటే ఊగు ఎంత త్వరగా చల్లారుతుందో, అది చూసి చెబుతాం అనేవాళ్లను మాత్రం నేను ఇంటికి పంపేస్తాను. ఒకే రోజు రెండుసార్లు కొలిస్తే రెండు అంకెలు వస్తాయి.

1967 డిసెంబరు 15న అమెరికాలో ఒహాయో నది మీద సిల్వర్ బ్రిడ్జి కూలి 46 మంది చనిపోయారు. మొదలంతా ఒక ఐబార్‌లో (గొలుసు లింకులా పనిచేసే, చివర్లో రంధ్రమున్న ఉక్కు పట్టీలో) రెండున్నర మిల్లీమీటర్ల లోతు పగులు. ఏ యాక్సిలరోమీటరూ దాన్ని ముందుగా చెప్పి ఉండేది కాదు. 2007 ఆగస్టు 1న మినియాపోలిస్‌లో కూలిన ఐ-35డబ్ల్యూ వంతెనలో గసెట్ ప్లేట్లు, అంటే ఉక్కు దూలాలను ఒకచోట కలిపే పలకలు, డిజైన్‌లోనే ఉండాల్సిన మందంలో సగం ఉన్నాయి. నలభై ఏళ్లుగా అదే లోపంతో ఊగుతూ నిలబడింది. మారనిదాన్ని చూసి మార్పు కనిపెట్టే పద్ధతి ఏం చేస్తుంది? 2024 సెప్టెంబరు 11 తెల్లవారుజామున జర్మనీలోని డ్రెస్డెన్‌లో కరోలా వంతెనలో ఒక భాగం నదిలో పడింది. లోపలి ప్రీస్ట్రెస్ ఉక్కు ఏళ్ల తరబడి తుప్పుతో ఒక్కో తీగగా తెగుతూ వచ్చింది. ప్రీస్ట్రెస్ ఉన్నంతసేపూ కాంక్రీటు నొక్కుకునే ఉంటుంది, పగులు తెరుచుకోదు, కాబట్టి ఫ్రీక్వెన్సీ మీద పెద్దగా తేడా రాదు. మిగిలిన భాగాల మీద వాళ్లు ఆ తర్వాత పెట్టింది వేరే రకం సెన్సర్లు: తీగ తెగినప్పుడు వచ్చే టప్పుమనే చప్పుడు పట్టేవి. ఆ వంతెనకు కావాల్సింది అవే.

ఇదంతా చదివి, అయితే ఈ పద్ధతి ఎందుకయ్యా అంటారేమో. ఎందుకో చెబుతాను. ఇది బ్రహ్మాండంగా పనిచేసే చోట్లు ఉన్నాయి. టెండర్లలో వాటికే చోటు తక్కువ.

కేబుళ్లతో మొదలుపెడతాను. కేబుల్ అంటే తీగ. వీణ తీగకు వర్తించేదే దీనికీ వర్తిస్తుంది. పొడవు, మీటరుకు బరువు తెలిస్తే, ఊగే వేగం నుంచి దాన్ని బిగబట్టి లాగుతున్న బలం నేరుగా లెక్కకొస్తుంది. 100 మీటర్ల కేబుల్, మీటరుకు 50 కిలోలు, సెకనుకు ఒకసారి ఊగుతోందనుకోండి. అందులో సుమారు 200 టన్నుల బలం ఉన్నట్టు. ఫ్రీక్వెన్సీ 5 శాతం దిగితే బలం 10 శాతం తగ్గినట్టు. పొట్టి కేబుళ్లకు, లావు కేబుళ్లకు కొన్ని సవరణలు చేయాలి, అవీ తెలిసినవే. ఒక మనిషి, ఒక సెన్సరు, ఒక్కో కేబుల్ దగ్గర పది నిమిషాలు. రెండు మూడు రోజుల్లో వంతెనలోని కేబుళ్లన్నీ అయిపోతాయి. జతగా ఉన్న కుడి కేబుల్, ఎడమ కేబుల్ ఒకేలా ఊగాలి. ఊగకపోతే అక్కడ ఏదో ఉంది. ఇంత చవగ్గా, ఇంత సూటిగా ప్రశ్నకు జవాబిచ్చే కొలత మా దగ్గర మరొకటి లేదు.

తర్వాత నది. వంతెనలు కూలడానికి పెద్ద కారణాల్లో ఒకటి పైన లారీలు కావు, కింద నీళ్లు. వరద వేగానికి పిల్లర్ పాదం దగ్గర ఇసుక కోసుకుపోతుంది. వరద తగ్గాక ఆ గొయ్యిని వదులు బురద నింపేస్తుంది. దిగి చూసినవాళ్లకు అంతా బాగానే ఉన్నట్టుంటుంది. పిల్లర్‌కు మాత్రం తెలుసు. పాదం దగ్గర పట్టు వదలగానే అది ఊగే వేగం తగ్గుతుంది, ఎందుకంటే పట్టు లేని పొడవు పెరిగింది. జపాన్ రైల్వేల్లో దీన్ని ఎంత తేలిగ్గా చేస్తారో చూడండి. సుమారు 30 కిలోల బరువును తాడుకు వేలాడదీసి పిల్లర్ తలకు తగిలిస్తారు, ఊగే వేగం కొలుస్తారు, ఆ పిల్లర్‌కు ఉండాల్సిన వేగంతో భాగిస్తారు. వచ్చిన నిష్పత్తిని బట్టి గ్రేడు, గ్రేడును బట్టి ఏం చేయాలో నిబంధనల్లో ఉంటుంది. వరద తగ్గగానే కొలిచి, రైలు వదలాలా వద్దా తేలుస్తారు. నాకు వాళ్ల సుత్తి కన్నా ఆ గ్రేడుల పట్టిక మీద ఎక్కువ అసూయ.

ఐర్లండ్‌లో 2009 ఆగస్టు 21న మలహైడ్ దగ్గర రైలు వంతెన పిల్లర్ ఇలాంటి కోతకే కూలింది. కొద్ది రోజుల ముందే స్థానికులు నీటి తీరు తేడాగా ఉందని చెప్పారు, ఇంజనీరు వెళ్లి చూశాడు కూడా. కంటికి ఏమీ అనిపించలేదు. ఆఖరి రైలు డ్రైవరు ట్రాక్ కుంగుతున్నట్టు గమనించి కబురు పంపబట్టి ఎవరికీ ఏమీ కాలేదు.

బేరింగులు, అంటే గర్డరుకూ పిల్లరుకూ మధ్య కదలడానికి వీలిచ్చే ఆధారాలు, కూడా ఈ లెక్కలోవే. తుప్పుపట్టి బిగుసుకుపోయిన బేరింగు ఫ్రీక్వెన్సీని పెంచుతుంది. మీ సాఫ్ట్‌వేర్‌లో తగ్గితేనే ఎరుపు రంగు వెలుగుతుంది కదా, పెరిగినా వెలిగేలా చెప్పండి. ఇక భూకంపం తర్వాత, సరుకు పడవ పిల్లర్‌ను గుద్దిన తర్వాత, మరమ్మతుకు ముందూ వెనకా: ఇలాంటి చోట్ల నిన్నటి అంకె, నేటి అంకె పక్కపక్కన ఉంటే చాలు, వాతావరణం గొడవ సగం తీరిపోతుంది. ఇది వంతెనలకే కాదు, కట్టడాలన్నిటికీ వర్తిస్తుంది. కాలిఫోర్నియాలో కాల్‌టెక్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఒకప్పుడు మిలికన్ లైబ్రరీ అనే పేరున్నది (ఇప్పుడు కాల్‌టెక్ హాల్) తొమ్మిదంతస్తుల భవనం. 1971 భూకంపం తర్వాత దాని ఫ్రీక్వెన్సీ తగ్గి మళ్లీ పాత చోటికి రాలేదు. అదే భవనానికి పెద్ద వాన పడ్డప్పుడల్లా ఫ్రీక్వెన్సీ కాస్త పెరుగుతుందని కూడా రికార్డుల్లో ఉంది. ఈ రెండో సంగతి తెలియనివాడు మొదటిదాన్ని సరిగ్గా చదవలేడు.

మరి ఇన్‌స్పెక్టర్ల సంగతి? సెన్సర్లు వస్తే మనుషులు అక్కర్లేదన్న ఆశ కొందరిలో చూశాను. వద్దు. అలాగని మనిషి కన్ను సర్వజ్ఞురాలు అనుకోవడం కూడా పొరపాటే. అమెరికాలో 2001లో వెలువడిన ఒక ప్రభుత్వ అధ్యయనంలో 49 మంది అనుభవజ్ఞులైన ఇన్‌స్పెక్టర్లకు అవే వంతెనలు చూపించారు. ఒకే భాగానికి సగటున నాలుగైదు రకాల రేటింగులు వచ్చాయి. అక్కడే మెంఫిస్‌లో మిసిసిపీ నది మీదున్న వంతెనలో ప్రధాన ఉక్కు భాగం దాదాపు తెగిపోయి ఉందని 2021 మేలో బయటపడి వంతెన మూసేశారు. తర్వాత వెతికితే ఆ పగులు 2019 నాటి డ్రోన్ వీడియోలోనే స్పష్టంగా ఉంది. కన్ను అక్కడిదాకా వెళ్లింది, చూడలేదు. ఇన్‌స్పెక్టర్‌కు మేం చేయగల సాయం ఒకటే: ఈసారి ఫలానా పిల్లర్ దగ్గర, ఫలానా కేబుల్ దగ్గర ఇంకో గంట ఎక్కువ ఉండండి అని చెప్పడం.

ఇక మొదట చెప్పిన వాక్యం దగ్గరికి వస్తాను.

ఇటలీలోని జెనోవాలో మొరాండీ వంతెన 2018 ఆగస్టు 14న కూలి 43 మంది చనిపోయారు. ఆ సంగతి అందరికీ తెలుసు. కూలడానికి ముందు దాని స్టే కేబుళ్ల, అంటే వంతెనను పైనుంచి లాగి పట్టే తీగల కంపనాలను కొలిచారన్నది మీలో ఎందరికి తెలుసో నాకు తెలియదు. 2017లో మిలన్ పాలిటెక్నిక్ నిపుణులు కొలిచారు. 9వ నంబరు పిల్లర్ దక్షిణం వైపు స్టేలు ఊగే తీరు అనుకున్నట్టు లేదని, ఇంకా లోతుగా పరీక్షించాలని, ఎప్పటికప్పుడు గమనించే వ్యవస్థ పెట్టాలని రిపోర్టులో రాశారు. కూలింది 9వ నంబరు పిల్లరే.

ఆ కొలత ఒక్కటే చూసి రేపు కూలుతుందని ఎవరూ చెప్పలేరు. నేనైనా చెప్పి ఉండేవాణ్ణి కాదు. ఆ రిపోర్టు రాసినవాళ్లు తమ పని చేశారు. సెన్సరు పనిచేసింది, లెక్క పనిచేసింది, అంకె తేడాగా ఉందని కాగితం మీదికి వచ్చింది. ఆ కాగితం వచ్చిన రోజు నుంచి వంతెన కూలిన రోజు దాకా లారీలు తిరుగుతూనే ఉన్నాయి. ఎన్ని రోజుల్లో స్టేను తెరిచి చూడాలి, అప్పటిదాకా భారీ వాహనాలను ఒక లేన్‌కు పరిమితం చేయాలా, ఆ నిర్ణయం ఎవరిది అన్నవి ముందే రాసిపెట్టి ఉండి, రాసినట్టే జరిగి ఉంటే అన్న ఆలోచన నన్ను వదలదు. మా పనిలో అందరం సెన్సర్ల సున్నితత్వం గురించి వాదించుకుంటాం. జెనోవాలో కరువైంది అది కాదు.

హెచ్చరిక వచ్చాక కూర్చుని ఆలోచిద్దాం అనుకుంటే ఏమవుతుందో మీకు నాకన్నా బాగా తెలుసు. వంతెన మూస్తే ఊరంతా తిడుతుంది, మూయకపోతే ఇవాళ్టికి ఎవరూ తిట్టరు. అంకె మీద అనుమానం పుట్టించడం చాలా తేలిక: సెన్సరు చెడిందేమో, ఎండ వల్లేమో, ఇంకోసారి కొలిపిద్దాం. ఆ ఒత్తిడిలో కూర్చుని ఏ మనిషీ తిన్నగా ఆలోచించలేడు. అందుకే ఒత్తిడి లేని రోజున రాయాలి. అంటే టెండరు పిలవక ముందు.

డబ్బు విషయం కూడా కాస్త. సెన్సర్లు కొనడానికి పెట్టిన దానితో ఖర్చు అయిపోదు. పెట్టెల్లోకి నీళ్లు చేరతాయి, బ్యాటరీలు చస్తాయి, ఎలుకలు వైర్లు కొరుకుతాయి, డేటా పంపే సిమ్ కార్డుకు రీఛార్జి చేయడం ఎవరికీ గుర్తుండదు. చివరిది నవ్వులాట కాదు. ఏడు నెలల డేటా అలాగే పోయిన చోట పనిచేశాను. వంతెన ఆయుష్షు వందేళ్లు అనుకుంటే సెన్సరుది పదీ పదిహేనేళ్లు. మార్చేటప్పుడు పాతదాన్నీ కొత్తదాన్నీ కొన్నాళ్లు పక్కపక్కన నడపండి, లేకపోతే మారింది వంతెనో సెన్సరో తెలియదు. ముడి డేటా మీ దగ్గరే ఉండాలి, కాంట్రాక్టరు దగ్గర కాదు. రంగుల గ్రాఫులున్న పీడీఎఫ్ డేటా కాదు. ఐదేళ్ల తర్వాత మంచి లెక్క ఒకటి వస్తే పాత పీడీఎఫ్ మీద దాన్ని నడపలేం.

పొడవాటి వంతెనల విషయంలో చవకైన దారులు కూడా తెరుచుకుంటున్నాయి. గోల్డెన్ గేట్ వంతెన మీదుగా వెళ్లే కార్లలోని మామూలు ఫోన్ల రికార్డులు కలిపి దాని ఫ్రీక్వెన్సీలను బాగానే పట్టగలిగారు. చిన్న, బిగువైన వంతెనలకు ఫోను చాలదు. ఈ దారి ఎటు పోతుందో చూద్దాం, ఇప్పుడే దానికి టెండరు రాయకండి.

ఇక ఆ పేజీ. ఈ ఉత్తరంతో పాటు నేను ఒక నమూనా రాసి పెట్టుకున్నాను. అందులో పెద్ద భాష లేదు. ఎండ లెక్క తీసేశాక మొదటి మూడు ఫ్రీక్వెన్సీల్లో ఏదైనా ఏడు రోజుల పాటు హద్దు దాటితే, పైకి గానీ కిందికి గానీ, 48 గంటల్లో ఇద్దరు మనుషులు చేత్తో తాకి చూసేంత దగ్గరికి వెళ్లాలి. హద్దుకు రెండింతలు దాటితే ఆ రోజే భారీ వాహనాలు ఆగాలి, ఆపేందుకు పై నుంచి అనుమతి అక్కర్లేదు. ఎవరైనా ఆ అంకెను పక్కన పెట్టాలనుకుంటే, ఎందుకు పెడుతున్నారో తమ పేరుతో రాసి పెట్టాలి. వరద ఫలానా మట్టం దాటిన ప్రతిసారీ నీళ్లు తగ్గిన 24 గంటల్లో పిల్లర్లన్నీ కొట్టి చూడాలి. హద్దు ఎంత అన్నది వంతెనకో తీరుగా ఉంటుంది, ఏడాది డేటా చేతికి వచ్చాక ఆ అంకె మీ ఇంజనీర్లూ మేమూ కూర్చుని నింపుతాం. గంటలూ రోజులూ మీకు కుదిరినట్టు మార్చుకోండి.

ఒక్క గడి మాత్రం మేం నింపలేం. రాత్రి రెండు గంటలకు హెచ్చరిక వస్తే ఫోను ఎత్తి, గేటు వేయమని చెప్పే మనిషి పేరు, ఆయన సెలవులో ఉంటే ఇంకొకరి పేరు. ఆ గడి నింపి, కింద సంతకం చేసి, టెండరుకు మొదటి పేజీగా కుట్టి పంపండి. ఛానెళ్లు ఎన్ని కావాలో ఆ తర్వాత మాట్లాడుకుందాం.

ఇట్లు,
వంతెనల కింద సెన్సర్లు బిగించుకుంటూ తిరిగే ఒక ఇంజనీరు